పొద్దున తిరగని తాళం

మా ఆయన తాళాల పనివాడు. తాళంచెవి పోయిందని ఎవరైనా లబోదిబోమంటూ వస్తే, ఆకురాయితో గీకి గీకి కొత్త చెవి చేతిలో పెట్టేవారు. కొట్టు అన్నదమ్ములిద్దరిదీ. మా బావగారికి గల్లాపెట్టె తప్ప ఇంకో పని రాదు.

వానాకాలంలో మా ఆయనకు వైరస్ జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గానీ వేళ్ళు, మణికట్లు వాచిపోయాయి. నెలలు గడిచినా పొద్దున్నే పిడికిలి ముడుచుకోదు. మధ్యాహ్నానికి వదులవుతుంది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి చెప్పింది: "వైరస్ ఎప్పుడో పోయిందమ్మా. దాన్ని చూడగానే మీద పడే తొలి కాపలా కణాలే ఇంకా శాంతించలేదు. మిగతా రోగనిరోధక శక్తిని కూడా రెచ్చగొట్టి సొంత కీళ్ళనే కొట్టిస్తున్నాయి. మందులు పనిచెయ్యడానికి టైం పడుతుంది."

ఈ మాటే చెబితే బావగారు మధ్యాహ్నం పూట పదిమంది ముందు మా ఆయన చెయ్యి పట్టి చూశారు.

"పిడికిలి బాగానే ముడుస్తున్నావుగా! పొద్దున్నే నాటకాలెందుకురా?"

వారం తిరక్కుండా మా ఆయన బల్ల దగ్గర వేరేవాణ్ణి కూర్చోబెట్టారు. వాడికి చెవులు గీకడం తప్ప తాళం విప్పడం రాదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

చలికాలంలో కొట్టు షట్టర్ తాళం పాడైతే, సిగ్గు లేకుండా బాగుచెయ్యమని మా ఇంటికే పంపారు. మా ఆయన చెబుతుంటే నేనే విప్పాను.

"ఒక్క నూనె చుక్క చాలు" అన్నారాయన.

నేను బండి చక్రాలకు పూసే గట్టి గ్రీజు తెచ్చి నిండా కూరాను. ఆయన చూశారు, ఆపలేదు.

ఇక రోజూ పొద్దున్నే చలికి గ్రీజు బిగుసుకుపోయేది. షట్టర్ మీద ఎండ పడితే గానీ తాళం తిరిగేది కాదు. బావగారు చెవి పట్టుకుని తంటాలు పడుతుంటే వచ్చినవాళ్ళంతా నవ్వేవారు. తాళాల కొట్టు తాళమే తెరుచుకోదాయె! పాల ప్యాకెట్ వంకతో ఎదురుగా నిలబడి కళ్ళారా చూశాను. అబ్బ, కడుపు చల్లబడింది!

చివరికి ఓ మధ్యాహ్నం బావగారే తాళం పట్టుకుని మా ఇంటికొచ్చారు.

"పొద్దున్నే చచ్చినా తిరగట్లేదురా!"

మా ఆయన చెవి పెట్టి తిప్పారు. టక్కున తెరుచుకుంది.

"బాగానే తిరుగుతోందిగా అన్నయ్యా. నాటకాలెందుకు?"

బావగారి ముఖం మాడిపోయింది. తమ్ముడి వేళ్ళ వైపు చూసి తల దించుకున్నారు.

"రేపట్నుంచి కొట్టుకి రారా. మధ్యాహ్నమే రా. ముందీ తాళం సంగతి చూడు" అన్నారు.

తాళం నేనే అందుకుని తిరిగి బావగారి చేతిలో పెట్టేశాను.

"ముందు బల్ల ఖాళీ చేయించండి బావగారూ. అందాకా మీరూ మధ్యాహ్నమే కొట్టు తెరుచుకోండి."