అక్కోరు గీసిన కాకులు

సోమవారం పొద్దున పెనం మీద జొన్నరొట్టె వేసి తడిచెయ్యి అద్దుతుండగా అంగన్వాడీ ఆయమ్మ ఫోన్ చేసింది. "అక్కోరు పోయింది కదక్కా" అంది. ఫోను పెట్టేసి చూస్తే రొట్టె మాడిపోయి ఉంది.

మా బళ్లారి పల్లెల్లో పిల్లలకు చదువు చెప్పే ఆడమనిషిని అక్కోరు అంటారు. కన్నడం మాటే అయినా తెలుగిళ్లల్లోనూ అదే పిలుపు. మా ఊరు సిరిగేరిలో ఎంతమంది టీచర్లున్నా మా వీధికి అక్కోరు అంటే ఒక్కరే, అంగన్వాడీ అక్కోరు. ఈ మధ్యనే రిటైరయ్యారు. చక్కెర జబ్బు ముదిరి కిడ్నీలకు పాకిందని అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె ముందుగానే సిద్ధమై కూర్చుంటుందా?

నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. జడ వేయించుకోవడానికి దువ్వెన పట్టుకుని మా పాప నా వెనకే నిలబడి ఉంది. ఇప్పుడు ఆరో క్లాసు. నాలుగేళ్ల వయసులో ఒక చావు ఆ పిల్ల నోరు మూయించింది. ఆ నోరు మళ్లీ తెరిపించింది అక్కోరే. ఇప్పుడు ఆ అక్కోరే పోయిందని చెప్తే ఈ పిల్ల ఏమవుతుంది?

అక్కోరు కాకుల సంగతి తెలియనివాళ్లకు ఇదంతా అర్థం కాదు కాబట్టి ముందు అది చెప్తాను.

అంగన్వాడీకి రంగులు వేసే కాగితాలు వచ్చేవి. వాటి మీద రామచిలక, నెమలి, మామిడిపండు. పిల్లలు ఎరుపు, పచ్చ, పసుపు క్రేయాన్ల కోసం జుట్లు పట్టుకుని కొట్టుకునేవాళ్లు. వారం తిరిగేసరికి అవన్నీ వేలిగోరంత మిగిలేవి. నల్ల క్రేయాన్ మాత్రం పెట్టెలో పెళ్లికొడుకులా అరగకుండా పడుకుని ఉండేది. దాన్ని చూసి అక్కోరుకు జాలి వేసిందట. "దానికీ ఏదో ఒక పని చూపించల్ల గదమ్మా" అనేవారు. అందుకని ఒక కాకిని తానే గీసి, సిరుగుప్పలో జెరాక్స్ తీయించి తెచ్చారు. కింద కన్నడంలో కాగె అని, పక్కనే తెలుగులో కాకి అని రాశారు. "నెమలిని మన పిల్లోళ్లు ఎవురు చూసినారు? కాకినైతే దినామూ చూస్తారు. చూసిందాన్ని గీస్తే చెయ్యికి భయముండదు" అనేవారు.

అక్కడితో ఆగలేదు. బొగ్గుపొడి నీళ్లలో కలిపి పిల్లల అరచేతులు అందులో ముంచి కాగితం మీద అద్దించేవారు. రెండు అరచేతులు రెండు రెక్కలు, బొటనవేళ్లు రెండూ కలిసినచోట తల. కాకి మెడ బూడిదరంగుగా ఉంటుంది కాబట్టి అక్కడ కొంచెం బంక పూసి, ఆయమ్మ పొయ్యిలోంచి బూడిద తెచ్చి చల్లించేవారు. కాగితం ప్లేట్లకు కళ్లు కత్తిరించి కాకి ముఖాలు చేసేవారు. సాయంత్రం పిల్లలు ఇళ్లకు చేరేసరికి ఎవరు ఎవరి పిల్లో పోల్చుకోవడం తల్లులకే కష్టమయ్యేది. నేనూ తిట్టుకున్నాను. ఆ మసి బట్టలకు పట్టిందంటే ఇంక వదలదు.

ఎవడైనా కాకికి ఎర్ర రంగు వేస్తే అక్కోరు అది తప్పు అనేవారు కాదు. కాగితం పైకెత్తి, "ఈ కాకి ఎవురింటిదప్పా?" అని అడిగేవారు. వాడు గర్వంగా "మా ఇంటిది" అనేవాడు. రంగు గీత దాటిందని ఏ తల్లైనా పిల్లను గదమాయిస్తే, "దాటనీలేమ్మా, కాకేమన్నా గీత మీద నడుస్తాదా?" అనేవారు. ఆ మాట నేను ఎన్ని సందర్భాల్లో తలుచుకున్నానో చెప్పలేను. రైస్‌మిల్లులో బిల్లులు రాసే ఉద్యోగం నాది, అక్కడ గీత దాటకూడదు. ఇంటికి వచ్చాక మాత్రం అక్కోరు మాటే నాకు చట్టం.

కాకి బొమ్మలకు ఊళ్లో అందరూ చప్పట్లు కొట్టారనుకోకండి. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి సాగుచేసుకుంటున్న క్యాంపువాళ్ల అమ్మమ్మగారు ఒకరు మనవడి బొమ్మ పట్టుకుని పోట్లాటకే వచ్చారు. "ఏవండీ అక్కోరూ, కాకి నెత్తిమీద తన్నితే తలస్నానం చేస్తామే, మీరేమో బొమ్మలేయించి ఇంట్లో గోడకి అంటించమంటారేంటండీ?" అన్నారు. అక్కోరు ఆమెకు పీట వేసి, మజ్జిగ ఇచ్చి, నిదానంగా అడిగారు. "అవునమ్మా, తద్దినం రోజు మీ ఇంటాయన మిద్దెక్కి గొంతు పోయేట్ల పిలుస్తారు గదా, అది ఈ కాకిని కాదా? ఒక దినం పెద్దోళ్లని మొక్కి, తక్కిన దినాలు రాళ్లేస్తే అదేమనుకుంటాది?" అమ్మమ్మగారికి నవ్వు ఆగలేదు. బొమ్మ మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఇంక మా ఇంటి సంగతి. పాప అంగన్వాడీలో చేరిన ఏడాదే కామెర్లు ముదిరి మా ఆయన పోయాడు. దినం రోజు చెరువుగట్టున కాకికి పెట్టారు. కాకి ముడితే పోయినవాళ్ల మనసు తృప్తిగా ఉన్నట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అది మనకు తెలిసిందే. చాలాసేపు ఒక్కటీ రాలేదు. మా బావగారు, "పాప చదువు నేను చూసుకుంటాలే తమ్ముడా" అని మొక్కుకున్నారు. అప్పుడొక కాకి వచ్చి వాలింది. "మీ నాయన వచ్చినాడు చూడు" అని ఎవరో పాపకు చూపించారు. పిల్ల సంతోషం పట్టలేక "నాన్నా!" అని అరిచింది. కాకి లేచిపోయింది.

ఆ రోజు నుంచి పాప మాట్లాడలేదు. ఆకలంటే తల ఊపేది, వద్దంటే తల ఊపేది. బళ్లారిలో డాక్టరు చూసి గొంతు బాగానే ఉందన్నాడు. మా అత్తగారివైపు వాళ్లు తాయెత్తులు కట్టి కట్టి ఆ మెడలో చోటు లేకుండా చేశారు. చిన్నపిల్ల, తండ్రి మీద బెంగ, కాలమే మాన్పుతుందిలే అని నేనూ అనుకున్నాను. నా ఏడుపే నాకు పెద్దగా ఉన్న రోజులవి.

ఒక సాయంత్రం అక్కోరు మా ఇంటికి వచ్చారు. చేతిలో పాప రంగులు వేసిన కాగితాలున్నాయి. అన్నింటి మీదా కాకి బొమ్మే. పిల్ల కాకి చుట్టూ ఉన్న చోటంతా రకరకాల రంగులతో సందు లేకుండా నింపింది. కాకిని మాత్రం తెల్లగా వదిలేసింది. ఒక్క కాగితంలోనూ ఒక్క గీత కూడా కాకి మీద పడలేదు.

"చుట్టూ ఇంత బాగా నింపిన పిల్ల కాకిని వదిలిపెడ్తాండాది. యాలమ్మా అని అడిగితే, నా చెవిలో, నోరు మెదిపీ మెదపకుండా చెప్పింది. ముట్టుకుంటే ఎగిరిపోతాదంట" అన్నారు అక్కోరు. "ఆ దినం ఏం జరిగిందో నాకు చెప్పు తల్లీ."

చెప్పాను. చెప్తుంటేనే నాకు తెలిసివచ్చింది. పిల్ల పిలిచిన సమయానికే అన్నం వాసనకు ఒక కుక్క వచ్చింది. దాన్ని తరమడానికి మా బావగారు తువాలు విసిరారు. కాకి లేచింది అందుకు. పాపను ఇంటికి పంపేశాక అదే కాకో, ఇంకో కాకో, మళ్లీ వచ్చి శుభ్రంగా తినిపోయింది.

"మళ్లా వచ్చి తినిందని పాపకు చెప్పినారా?"

ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్లం, మా తృప్తి మేము చూసుకుని లేచి వచ్చేశాం. నాలుగేళ్ల పిల్ల తన గొంతు విని నాన్న వెళ్లిపోయాడని నమ్మి, ఆ గొంతునే మూసేసుకుంది. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. అక్కోరు నా పక్కన కూర్చుని, నేను ఆపేదాకా ఉండి, "ఇప్పుడు పోయి చెప్తే నమ్మదు. మాటతో వచ్చిన భయం మాటతో పోదమ్మా. చూడల్ల. రేపు మధ్యాన్నం నువ్వూ రా" అన్నారు.

మర్నాడు మిల్లులో అడిగి వెళ్లాను. భోజనాలయ్యాక అక్కోరు పిల్లలందర్నీ మెట్ల మీద కూర్చోబెట్టి ముందర మెతుకులు చల్లారు. కాకులు దిగాయి. "చేతులు ఒళ్లో పెట్టుకోండి. ఎవురికి ఎంత గట్టిగా కావల్లంటే అంత గట్టిగా పిలవండి" అన్నారు. ఇంక చూడాలి ఆ గోల! కొందరు కాకీ అని, కొందరు కాగె అని, ఒకడు వాళ్ల మామ పేరు పెట్టి అరిచాడు. కాకులు మెడ పక్కకు తిప్పి ఓ చూపు చూసి మళ్లీ మెతుకుల్లో పడ్డాయి. అప్పుడు అక్కోరు ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తారు. అన్నీ బుర్రున లేచిపోయాయి. "చూసినారా? గొంతుకు కాదు, చెయ్యికి జడుస్తాది. ఇప్పుడు చెయ్యి దించినా. మళ్లా వస్తాది చూడండి."

వచ్చాయి. ఒకటి మరీ దగ్గరగా, మా పాప కాళ్ల ముందరే వాలింది. పిల్ల చేతులు రెండూ ఒళ్లో గట్టిగా నొక్కి పెట్టుకుంది. పెదాలు కదిలాయి. నాకు వినపడలేదు. రెండోసారి వినపడింది. "నాన్నా, తిను" అంది. కాకి మెతుకు నోట కరుచుకుని, అక్కడే నిలబడి మింగి, ఇంకోటి తీసుకుంది.

మర్నాడు పాప కాకికి నల్లరంగు వేసిందట. ఎంత నొక్కి వేసిందంటే క్రేయాన్ రెండు ముక్కలైంది. "సాకా, ఇంగొకటి కావల్నా?" అని, చాలా అనే మాట కన్నడంలో కలిపి, అక్కోరు అడిగితే, "ఇంకోటి" అని నోరు తెరిచి చెప్పిందట. ఆ నెల అంగన్వాడీలో మొదటిసారి నల్లరంగు అయిపోయింది.

తర్వాత కూడా ఆ కాకి నాన్నేనని గానీ కాదని గానీ అక్కోరు పాపకు ఏనాడూ చెప్పలేదు. పాప ఒకసారి నిలదీసింది. "అది నాకు తెలీదు నాయనా. తెలీనిది చెప్తే నీకు కోపమొస్తాది. తెలిసింది చెప్తా, అది ఆకలైతే వస్తాది, మనం పెడ్తే తింటాది" అన్నారు. రిటైరయ్యాక కూడా ఆదివారాలు వాళ్ల వసారాలో పిల్లల చేతులు బొగ్గునీళ్లలో ముంచుతూనే ఉన్నారు. డయాలసిస్‌కు పోయివచ్చిన చెయ్యి వాచి ఉంటే రెండో చెయ్యితో కాకులు గీశారు. అవి కొంచెం వంకరగా వచ్చేవి. "కాకికీ వయసైంది" అని నవ్వేవారు.

ఇంతటి మనిషి పోయిందని ఆ సోమవారం జడ వేస్తూనే చెప్పాను. ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేకపోయింది. పాప రిబ్బను తానే కట్టుకుని బడికి వెళ్లింది. ఆ వారమంతా అడిగితే జవాబు, లేకపోతే లేదు. కెంచనగుడ్డ దగ్గర ఏటిగట్టున అక్కోరుకు దినం పెడుతున్నారని తెలిసి పాప "నేనూ వస్తా" అన్నది. మా అత్తగారు నన్ను పక్కకు లాగి, "వద్దే, మళ్లా మాట పడిపోతే ఏం చేస్తావు?" అన్నారు. ఆమె భయంలో తప్పు లేదు. నాకూ అదే భయం. అయినా తీసుకుపోయాను.

తుంగభద్ర ఒడ్డున రాళ్లపొయ్యి పెట్టి అన్నం వండారు. విస్తరి వేసి పిలిచారు. కాకి రాలేదు. ఎండ ఎక్కింది, ఎంత పిలిచినా రాలేదు. తలా ఒక మాట మొక్కుకున్నారు. అక్కోరుకు పిల్లలు లేరు. కర్నూలు వైపు నుంచి వచ్చిన వాళ్లక్క ఒకామె, బాగా ముసలిది, మెట్టు మీద కూలబడి తల బాదుకోవడం మొదలుపెట్టింది. "నా మీదే దానికి కోపం. అది ఆస్పత్రిలో ఉండి నన్ను రమ్మంటే మోకాళ్లు నొస్తాయని పోలేదు నేను. నేనుండానని రాకుండా ఉండాది" అని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోమ్మా అంటున్నారే గానీ, కాదు అని ఎవరూ అనలేదు.

నా చెయ్యి విడిపించుకుని పాప వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"అవ్వా, కోపం కాదు. ఇప్పుడు కోతలు గదా, కాకులన్నీ మళ్లల్లో మిషన్ల ఎనకాల తిరుగుతాంటాయి. ఈడ ఒకటన్నా ఉండాదా చూడు" అంది.

ముసలమ్మ తలెత్తి ఆకాశం చూసింది. నిజంగానే ఒక్కటీ లేదు.

పాప లేచి పొయ్యిలో చల్లారిన బొగ్గు ముక్క ఒకటి తెచ్చింది. విస్తరి పక్కనున్న బండ మీద వంగి కాకిని గీసింది. లోపల నింపలేదు. బొగ్గును అవ్వ చేతిలో పెట్టి, "నువ్వు నింపవ్వా" అంది. ఎవరో పెద్దాయన "ఏందమ్మా ఆ ఆటలు ఈడ" అన్నాడు. పిండం పెట్టించిన అయ్యవారు ఆయన్ను ఊరుకోమని సైగ చేశారు.

ముసలమ్మ మొదట తోకకు కొంచెం రాసింది. ఆ తర్వాత రెక్కకు. బొగ్గు అరిగిపోతే అరచేత్తో రుద్దింది. రుద్దుతూ, "చిన్నప్పుడు అది ఇట్లనే గోడలంతా గీసేది. మా నాయన కొడ్తాడని నేనే తుడిచేదాన్ని" అని మొదలుపెట్టింది. చెల్లెలికి జడలు వేసిన సంగతి చెప్పింది, ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకున్న సంగతి చెప్పింది, ఆస్పత్రికి పోని సంగతి మళ్లీ చెప్పింది. పాప మధ్యమధ్యలో "ఆమైన? తర్వాత ఏమైందవ్వా?" అని అడుగుతూనే ఉంది. కన్నీళ్లు తుడుచుకుని తుడుచుకుని ఆమె చెంపలు రెండూ నల్లగా అయిపోయాయి. విస్తట్లో అన్నం అట్లాగే ఉంది. దాని పక్కన బండ మీద కాకి నిండుతూ ఉంది.