గోదావరి మధ్యలో తెరుచుకున్న తాళం

నా ఉద్యోగం పర్మనెంట్ అయితే అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి వెళ్తామని మా అమ్మ మొక్కుకుంది. మొక్కింది ఆవిడ, వెళ్ళింది నేను. ఆదివారం ఆరింటికి భీమవరంలో బైకు తీసి, గంటలో నరసాపురం రేవు చేరి, బండ్లనీ మనుషుల్నీ దాటించే పంటు మీద గోదావరి దాటాను. బైకుతో సహా టికెట్టు నలభై రూపాయలు. సఖినేటిపల్లి నుంచి అరగంటలో గుడి. తొమ్మిదింటికల్లా దర్శనం, పులిహోర రెండూ నిర్విఘ్నంగా ముగిశాయి.

అప్పుడు మోగింది ఫోను. మా రొయ్యల ప్లాంటుకు సరుకిచ్చే రైతు సుబ్బరాజు గారు.

"బాబూ, చెరువులో నీళ్ళు తేడా చేశాయి. రేపు పట్టాల్సింది ఇవాళ తెల్లారే పట్టేశాం. బండి మీ గేటు దగ్గరుంది. నువ్వు ఓకే కొట్టలేదంట!"

"ఐసు ఎంతసేపు ఆగుద్దండీ?"

"గంటన్నర. సరుకు మెత్తబడితే ఎవడు తీసుకుంటాడు బాబూ?"

చెరువు రికార్డు, పరీక్ష రిపోర్టు చూసి ఆమోదిస్తేనే గేటు తెరుస్తారు. ఆ అధికారం ఇద్దరికే. మేనేజరు గారు విమానంలో ఉన్నారు, రెండోవాణ్ణి నేను. ఫోనులో మా ప్లాంటు యాప్ తెరిస్తే "మీరు అనుమతించిన ప్రాంతంలో లేరు" అంది. ఆ నియమం ఊరికే పెట్టలేదు. పోయిన పంటకి ఏ చెరువు ఎప్పుడు పడతామో రాసుకున్న మా పట్టుబడుల జాబితా ఎవరో బయటికి పంపితే, మా బండి కంటే ముందే వేరే వ్యాపారులు చెరువుగట్ల మీద కుర్చీలేసుకుని కూర్చున్నారు. అప్పట్నించీ రైతుల వివరాలు ప్లాంటులోనూ, నరసాపురం రేవులోని మా తూకం షెడ్డు దగ్గరా తప్ప ఎక్కడా తెరుచుకోవు. మ్యాపు మీద ఆ హద్దుల గీతలు గీసిన మహానుభావుణ్ణి నేనే.

అరగంటలో సఖినేటిపల్లి రేవులో పడ్డాను. పంటు కదలడం లేదు.

"లారీ వస్తేగాని తియ్యమండి" అన్నాడు పంటు నడిపే సరంగు.

"అర్జంటండి."

"అందరికీ అర్జంటేనండి. మొన్న పెళ్ళికొడుకునే ఆపాం."

"గేటు దగ్గర ఐసులో రొయ్యలు ఆగిపోయాయండి."

సరంగు చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ముందే చెప్పొద్దేంటండీ? తాడు విప్పండ్రా!"

పెళ్ళికి కదలని పంటు రొయ్యలకు కదిలింది. సగం నది దాటగానే యాప్ తెరుచుకుంది. రేవు చుట్టూ నేను గీసిన గీత నీళ్ళలోకి కాస్త జారినట్టుంది. సంతోషంతో తలెత్తితే నా భుజాల మీద నాలుగు తలకాయలు.

"కిలోకి ఎన్ని తూగాయండీ? రేటెంత రాశారు?"

"చెప్పకూడదండి."

"ఆయ్, మేం ఎవరికి చెప్తామండీ, మా బావమరిదికి తప్ప!"

లోకమంతటినీ ఆపిన తాళం ఈ నలుగురినీ ఆపలేదు. ఫోను హెల్మెట్‌లో పెట్టి, అందులోకి మొహం దూర్చి, హోమం చేసేవాడి గాంభీర్యంతో రిపోర్టు చదివి ఆమోదం నొక్కాను. రెండు నిమిషాలకు మళ్ళీ ఫోను.

"తెరిచారు బాబూ! దింపుతున్నారు. ఐసు గట్టిగానే ఉంది."

ఫోను జేబులో పెట్టాను. బైకుకు ఆనుకుని కూర్చుండిపోయాను. దిగాక ఆ బావమరిది గల పెద్దమనిషే, రేటు తెలియకపోయినా, టీ ఇప్పించాడు.

ఆ తాళాన్ని దారంతా తిట్టుకున్న మాట నిజం. కానీ అంతర్వేదిలో నాకు తెరుచుకునేది ఇంకెక్కడైనా ఇంకెవరికైనా తెరుచుకుంటుంది. సుబ్బరాజు గారి నాలుగు నెలల కష్టం ముందు నా అరగంట కంగారు ఎంత? సోమవారం గీతల జోలికి పోకుండా, ఆమోదించేవాళ్ళలో మూడో మనిషిని చేర్చమని మేనేజరు గారిని అడిగాను, ఒప్పుకున్నారు. ఇక మీకో సలహా: తిరుగు పంటు బండ్లు నిండితేనే కదులుతుంది, గంట సమయం చేతిలో ఉంచుకోండి. తొందరపెట్టడానికి రొయ్యల పేరు మాత్రం అబద్ధంగా వాడకండి. అవతలి ఒడ్డు చేరేలోగా పంటు మీదవాళ్ళు ఏ చెరువో, ఎవరిదో కనుక్కుంటారు.