సత్రానికి తోడొచ్చిన అత్త

అత్త పోయింది. మంగళవారం పొద్దున అప్పడాల పిండి దంచుతూ దంచుతూ గోడకు ఆనుకుందట, మళ్ళీ లేవలేదు. ఆమె తమ్ముడు ముత్తియాల్‌పేట నుంచి ఎండలో నడిచి వచ్చి మా గుమ్మంలో నిలబడి, "అక్క పోయింది పాపా. నువ్వూ ఆయనా వెంటనే రావాల" అన్నాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అలాగే వదిలేసి వెళ్ళాం. సాయంత్రం తిరిగొచ్చి చూస్తే గిన్నె అడుగంటి నల్లగా మాడి ఉంది. ఆమె ఉండి ఉంటే ఆ గిన్నె కోసం నన్ను వారం రోజులు తిట్టేది.

అత్త అనగానే మా ఆయన కన్నతల్లి అనుకుంటారు మీరు. ఆ తల్లి యానాంలో, ఆయన పలక పట్టకముందే కన్నుమూసింది. ఈ అత్త నాకు పుదుచ్చేరిలో, సత్రం గడప మీద దొరికింది. ఈ మాట చెబితే నవ్వేవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. నవ్వేవాళ్ళ కోసం కాదు గాని, రేపో ఎల్లుండో ఒంటరిగా రైలు దిగబోయే ఏ ఆడమనిషి చేతిలోనైనా ఇది పడుతుందేమోనని రాస్తున్నాను.

జర్మనీ యుద్ధం రోజుల్లో మా ఆయన ఫ్రెంచివాళ్ళ పటాలంలో చేరి ఓడ ఎక్కారు. యుద్ధం ముగిశాక, ఫలానా ఓడలో పుదుచ్చేరికి తీసుకొస్తున్నారని యానాంలో మాకు కబురు అందింది. రొమ్ము బాగాలేదని కూడా అందులోనే చెప్పారు. మామగారు మంచంలో ఉన్నారు. అన్నలా తమ్ములా, నాకు ఎవరూ లేరు. మా ఊరి బట్టల వ్యాపారి కుటుంబం చెన్నపట్నం వెళ్తుంటే వాళ్ళతో బయలుదేరి, అక్కడినుంచి ఒక్కదాన్నీ విల్లుపురంలో రైలు మారి మధ్యాహ్నానికి పుదుచ్చేరిలో దిగాను. ఓడ ఏ రోజు వస్తుందో ఎవరికీ తెలియదు. చేతిలో ఉన్నది తిండికి సరిపోతుంది, అద్దె గదికి చాలదు. బాటసారులకు ఉచితంగా చోటిచ్చే సత్రం ఒకటి ఉందని మాత్రం విన్నాను.

స్టేషన్‌లో రాతి బెంచీ మీద ఒక ముసలామె, ఒళ్ళో మూట పెట్టుకుని కూర్చుంది. నాలాగే ప్రయాణం మీద ఉందనుకుని, సత్రానికి దారి ఎటని ఆమెనే అడిగాను.

"యాడ్నించి వస్తాండావు?"

"యానాం నుంచండి."

"ఒంటిగానా?"

"అవునండి."

"అయితే చోటియ్యరు" అంది, ఇవాళ ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా. "తోడు పెద్దమనిషి లేకుండా ఆడదాన్ని లోపలికి రానీరు అక్కడ. శరి, లెయ్యి, పోదాం."

"మీరు రైలెక్కాలి కదండీ?"

"నేను యాడికీ పోయేది లేదు. నీ మాదిరి వచ్చేవాళ్ళ కోసమే ఈడ సుమ్మా కూర్చునేది."

ఊరికే కూర్చునే మనిషికి మూటెందుకని అడగాలనిపించింది గాని అడగలేదు. దారిలో ఆమె నాకు నేర్పింది ఒక్కటే. సత్రం గడప దాటగానే ముందు మూట లోపల పెట్టాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. "మూట బయట ఉంటే మనం అడుక్కునేవాళ్ళం. లోపల పెట్టినామంటే, మనల్ని బయటికి పంపే పని వాళ్ళది."

చెప్పినట్టే చేశాను. సత్రం గుమాస్తా నా మూటను చూశాడు, ఆమెను చూశాడు, విసిగిపోయినవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

"ఎవురు ఈ పిల్ల?"

"నా కోడలు."

"పోయిన వారం ఒకామెను తెచ్చినావే, ఆమె?"

"అదీ కోడలే."

"నీకు కొడుకే లేడని ముత్తియాల్‌పేటంతా తెలుసు. నన్నేం పిచ్చోడనుకున్నావా?" అని అతడు లోపలికి వెళ్ళి, గూట్లో ఉన్న వినాయకుడి ముందునుంచి హారతి పళ్ళెం తెచ్చాడు. కర్పూరం బిళ్ళ వెలిగించి ఆమె ముందు పెట్టాడు. "ఇది నీ కోడలని అరచేత్తో కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యి. గది తాళం ఇస్తా. లేదంటే ఇద్దరూ బయటికి నడవండి."

వంట వసారాలో ఉన్నవాళ్ళంతా వచ్చి చుట్టూ మూగారు. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి అబద్ధమాడే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఆమె వెనక్కి తగ్గుతుంది, తప్పదు. నన్ను బయటికి పంపేస్తారు. స్టేషన్‌లో పడుకుందామంటే, చీకటి పడితే పోలీసులు ఉండనివ్వరని ఆమే దారిలో చెప్పింది. ఇక వెనక్కి పోవడమే. ఆయన రొమ్ము పట్టుకుని దగ్గుకుంటూ ఓడ దిగి, నా కోసం ఇటూ అటూ చూసే దృశ్యం కళ్ళ ముందు కదిలి ఏడుపొచ్చింది.

ఆమె తగ్గలేదు, అబద్ధమూ ఆడలేదు. కింద కూర్చుని తన మూట విప్పింది. అందులో ఒక పాత చీర, దాని మడతల్లో బియ్యం. "కొంగు పట్టు పాపా" అంది. పట్టాను. దోసిలితో బియ్యం తీసి నా ఒడిలో పోసింది, పెళ్ళయ్యాక అత్తవారింట్లో కోడలికి పోసినట్టు.

"మొగుడు పోయినదానివి, నువ్వు ఒడి నింపేదేంది?" అంది వెనకనుంచి ఒక పెద్దావిడ.

అత్త తల తిప్పకుండానే జవాబిచ్చింది. "నా చెయ్యి పనికిరాదంటే నువ్వొచ్చి పొయ్యి. ఎవురు పోసినా అత్తని మాత్రం నేనే."

పెద్దావిడ కాసేపు గుంజాటన పడింది. తర్వాత వచ్చి, నిజంగానే ఒక గుప్పెడు తీసి నా ఒడిలో వేసి వెనక్కి వెళ్ళింది.

"ఈ పిల్ల మొగుడు ఓడలో వస్తాండాడు" అని గుమాస్తాతో అంది అత్త. "దిగినంక వాడు నా కొడుకు. ఈ పొద్దు నుంచి ఇది నా కోడలు. నేను పోయేదాకా." అని అరచెయ్యి కర్పూరం మీద ఆనించి ఆర్పేసింది. గుమాస్తా తాళం ఇచ్చాడు.

"కాలిందా అండీ?" అని అడిగాను.

"సుమ్మా ఉండు. పోయి కాళ్ళు కడుక్కో."

కాళ్ళు కడుక్కునేదాకా ఎవరూ ఊరు చేరినట్టు కాదని ఆమె నమ్మకం.

ఆ సత్రంలో మూడు రాత్రులకు మించి ఉండనివ్వరు. ఓడ రాలేదు. అత్త నన్ను ఇంకో సత్రానికి, అక్కడి గడువూ తీరాక ఒక పూటకూళ్ళ ఇంటికి మార్చింది. చవకలో చోటు వెతకడం ఒక చదువైతే, నాకు ఓనమాలు దిద్దించింది ఆమే. బావి చేద తడిగా ఉందో లేదో చూడమనేది, తడిగా ఉంటే లోపల మనుషులు మసలుతున్నట్టు. పూటకూళ్ళ ఇంట్లో ముందు మజ్జిగ అడిగి తాగమనేది, మజ్జిగ నీళ్ళగా ఉంటే పడకా అంతంతమాత్రమే. ఓడ వచ్చే వారమైతే సత్రాలు కిటకిటలాడతాయని, తెల్లవారగానే వెళ్ళి ఒక మూల తన చాప పరిచి వచ్చేది. పరిచిన చాపను తొలగించి పడుకునేంత తెగువ ఎవరికీ ఉండదు. సాయంత్రం ఎవరో ఒకరు రైలు దిగేవాళ్ళు, ఆ చాప వాళ్ళది. నాకు మాత్రం ఇంత అవస్థ ఎందుకనిపించి, "మీ ఇంట్లోనే ఓ పక్కన పడుకుంటానండీ" అని ఒకసారి అన్నాను.

"మా తమ్ముడి మగ్గం పక్కన నాకే కాళ్ళు చాపేదానికి చోటు లేదు. చోటు ఉన్నా పెట్టుకోను" అంది. "సత్రం కట్టిన పుణ్యాత్ముడు బాటసారులకని కట్టినాడు. మగోళ్ళకని కట్టలేదు. మీరంతా నా ఇంటికొస్తే ఆ గుమాస్తాకి హాయి. నీది నువ్వు తీసుకోవాల గదా."

చివరికి ఓడ వచ్చింది. పెద్ద ఓడలు ఇక్కడ ఒడ్డుదాకా రావు. దూరాన లంగరు వేస్తే, మనుషులను పడవల్లో, సముద్రంలోకి కట్టిన ఇనుప వంతెన దగ్గరికి తెస్తారు. మా ఆయన ఒక పడవలోంచి దిగారు, గుర్తుపట్టలేనంత సన్నబడి. ఆయనేనా అని చూస్తూ నిలబడిపోయాను. అత్త నన్ను దాటుకుని వెళ్ళి ఆయన చేతిలో సామాను అందుకోబోయింది.

"ఎవరండీ మీరు?" అన్నారాయన.

"మీ అమ్మని. ఆ మూట ఇట్లా ఇయ్యి నాయనా, నీకు బరువు."

ఆయన బిత్తరపోయి నా వైపు చూశారు. నేను "అవునండీ" అన్నాను. ఆయన నా పక్కకు జరిగి, "మా అమ్మ ఎప్పుడో పోయింది కదే" అని మెల్లగా అడిగారు. నడుస్తూ చెబుతానన్నాను. పుష్‌పుష్ బండి కుదిర్చి, ఆయన్ను అందులో కూర్చోబెట్టి, వెనకనుంచి మనిషి తోస్తూంటే ఇద్దరం చెరో పక్కన నడిచాం. ఊరి మధ్య కాలువ దాటేలోగా కథంతా ఆయనకు తెలిసింది. ఆ రాత్రి అత్త తెచ్చిన మిరియాల చారు తాగి, "అమ్మా, ఇంకొంచెం" అన్నారు.

రేవు కచేరీలో ఆయనకు చిన్న ఉద్యోగం దొరికింది. మేము యానాం తిరిగి వెళ్ళలేదు. ఆ ప్రమాణం ఆ పూట గడుపుకోవడానికి అనుకున్నాను నేను. అత్త అలా అనుకోలేదు. పండగకు పిలవకపోతే అలిగేది. నా చారులో ఉప్పు లేదని నలుగురిలో చెప్పేది. నా రెండు పురుళ్ళూ ఆమె చేతుల మీదే జరిగాయి. ఒకసారి మాటా మాటా వచ్చి, "మీరేం నాకు సొంత అత్తా?" అనేశాను. ఆమెకు కోపం రాలేదు. "మనిషి దగ్గిర అబద్ధం చెప్తే మళ్ళీ పోయి సర్దుకోవచ్చు. కర్పూరం దగ్గిర చెప్తే యాడికి పోయి సర్దుకునేది? నేను అబద్ధం చెప్పలా. ఇంక నీ ఇష్టం" అని, నేను పెట్టిన అన్నం మొత్తం తిని మరీ వెళ్ళింది.

నా తర్వాత ఎంతమంది కోడళ్ళో. ఆస్పత్రిలో కొడుకును చూసుకోవడానికి వచ్చిన తల్లి, మిల్లులో పని ఉందని విని వచ్చిన అక్కచెల్లెళ్ళు, జైల్లో ఉన్న భర్తకు ఇంటి అన్నం పెట్టి పోదామని వచ్చిన ఒకామె. అత్తను చూడగానే గుమాస్తా పళ్ళెం తెచ్చి పెట్టేవాడు. ఆయనకు పంతం. అత్తకు అంతకు మించిన పంతం. ప్రతిసారీ ఒడి నింపేది, ప్రతిసారీ ఆర్పేది, మసి అంటిన చేతిని మూట ముడికి తుడుచుకునేది. ఆ ముడి దగ్గర గుడ్డ ఎన్ని ఉతుకులకూ తెల్లబడలేదు. వెళ్ళిన కోడళ్ళందరి క్షేమమూ దారిన పోయేవాళ్ళ చేత కనుక్కుంటూనే ఉండేది. వచ్చినవాళ్ళకు పూటకు చోటు కావాలి, అంతే. ఆమె మాత్రం తను పోయేదాకా బంధుత్వం ఇచ్చి పంపింది. మనలో ఎవరం ఇవ్వగలం అంత?

ఆమె పోయిన రోజు శ్మశానం దగ్గర తలకొరివి ఎవరు పెట్టాలన్న మాట వచ్చింది. ఆమె తమ్ముడు మా ఆయన్ను ముందుకు రమ్మన్నాడు. వచ్చినవాళ్ళలో ఒకరు, ఇంటిపేరు కలవదు, కులం కలవదు, ఈయన ఎలా కొడుకవుతాడని అడ్డుపడ్డారు. గొడవ ముదిరేలా ఉంది. అప్పుడు వెనకనుంచి కర్ర ఊతంగా సత్రం గుమాస్తా వచ్చాడు. ఆయనా ముసలివాడైపోయాడు. ఆమె కోసం ఆయన వస్తాడని నేననుకోలేదు.

"నా ముందర కర్పూరం ఆర్పి చెప్పింది, ఈయన తన కొడుకని. చెప్పమని అడిగినోడిని నేనే" అన్నాడు. "ఇంక ఎవురూ మాట్లాడేదానికి లేదు."

అడ్డుపడ్డాయన పక్కకు జరిగాడు. మా ఆయన తలకొరివి పెట్టారు. ఇంటికి వచ్చాక ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చారని మా పిల్లలు చెబితే తెలిసింది, నేను అప్పుడు పెరట్లో నా ఏడుపు నేను ఏడుస్తున్నాను.

మైల పది రోజులూ ఇల్లు కదలకూడదు. రైలు కూత వినిపించిన ప్రతి మధ్యాహ్నం నాకు కాలు నిలిచేది కాదు. ఇవాళ ఎవరు దిగారో, సత్రం గడప ముందు నిలబడి ఎవరు వెనక్కి తిరిగారో! మైల తీరిన మర్నాడు అత్త తమ్ముణ్ణి అడిగి ఆమె మూట తెచ్చుకున్నాను. కొత్త బియ్యం పోసి, అదే ముడి వేసి, స్టేషన్‌లో అదే బెంచీ మీద కూర్చున్నాను.

ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్ల ఒకతె దిగింది. ఆస్పత్రిలో నర్సు పని నేర్పుతారని విని కడలూరు అవతలనుంచి వచ్చిందట. సత్రానికి తీసుకెళ్ళాను. మూట గడప లోపల పెట్టించాను. గుమాస్తా మా వైపు తల తిప్పాడు. మూటనూ, దాని నల్లటి ముడినీ చాలాసేపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి, పళ్ళెం తెచ్చి, కర్పూరం వెలిగించి నా ముందు పెట్టి పక్కకు తిరిగి నిలబడ్డాడు.

పిల్ల కొంగులో బియ్యం పోశాను. అత్త ముఖంలో ఏనాడూ నొప్పి కనబడలేదు కాబట్టి, మంట మీద చెయ్యి ఆనిస్తే కాలదేమోనన్న భ్రమ నాకు ఇన్నేళ్ళూ ఉండేది. కాలుతుంది. బాగా కాలుతుంది.

"కాలిందా అండీ?" అంది ఆ పిల్ల కంగారుగా నా చెయ్యి పట్టుకోబోతూ.

"సుమ్మా ఉండు" అన్నాను, ముడికి చెయ్యి తుడుచుకుంటూ. "పోయి కాళ్ళు కడుక్కో."