దాదా గదిలో కొత్త ఇంజను

ఆదోనిలో మా దాదా, అంటే మా నాన్నకు నాన్న, నడిపిన పత్తి మిల్లు ఇప్పుడు మాది కాదు. నేను బడికి పోయే రోజుల్లోనే చేతులు మారింది. ఆ తరువాత మా ఇంటివాళ్ళం ఎవరమూ ఆ గేటు లోపలికి పోలేదు. బజారుకు పోవలసి వచ్చినా చుట్టు తిరిగి పోయాం తప్ప ఆ ప్రహరీ పక్కన నడవలేదు. కొందరు దీన్ని పొగరు అన్నారు. మేము కాదనలేదు.

నా బతుకుదెరువు సర్వర్లు. ఆసుపత్రులకు, కాలేజీలకు, నూనె మిల్లులకు కంప్యూటర్ గదులు అమర్చి పెడతాను. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఈ పని తెలిసినవాళ్ళం కొద్దిమందిమే. అందుకని ఆ మిల్లు యజమాని ఒకరోజు నాకే ఫోను చేశాడు.

"భాయ్, మూడు సర్వర్లు ఉండాయి మాకాడ. దేని డిస్కులు దానివే. పోయిన సీజన్లో ఒకటి పడిపాయ. కాటా లెక్కంతా దాంట్లోనే ఉండె. ఆలూరు నుంచి వచ్చిన బండ్లన్నీ గేటు కాడనే నిలబడిపాయ. మళ్ళా అట్ల కాకుండా ఏమన్నా సెయ్యి."

ఆయన మా దగ్గర కొన్నవాడు కాదు, కొన్నవాళ్ళ దగ్గర కొన్నవాడు. మర్యాదస్థుడు. అందరూ ఆయన్ని సేటు అని పిలుస్తారు. నేను పిలవలేకపోయాను. ఆ మాట నాకు దాదాతోనే ముడిపడి ఉంది.

ఇంటికి వచ్చి చెబితే అమ్మీ కాసేపు తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. "పని చెయ్యి. అక్కడ టీ మాత్రం తాగొద్దు" అంది.

నేను ఒప్పుకున్నది వేరే కారణానికి. దాదా బిగించిన జిన్నులు, పత్తి నుంచి గింజ తీసే యంత్రాలు, పాత ఇనుముకు పోయాయి. గేటు మీద మా పేరు పోయింది. ఆ ఆవరణలో మా చేత్తో పెట్టింది ఒక్కటైనా నడుస్తూ ఉండాలని నాకు ఉండేది. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు.

పత్తి మిల్లులో గాలి నిండా దూది నూగు ఉంటుంది. అది ఫ్యాన్లలో చేరితే సర్వర్లు వేడెక్కి ఆగిపోతాయి. రాతిగోడలు, ఒకే కిటికీ, బిగుతుగా పడే టేకు తలుపు ఉన్న గది మిల్లు మొత్తానికి ఒక్కటే. దాదా కూర్చున్న గది. యజమాని తాళం తీసి నా మొహం చూశాడు. ఆయనకు తెలుసు.

"ఈడ సరిపోతాదా భాయ్?"

"సరిపోతాది" అన్నాను. కిటికీ మూయించి ఏసీ పెట్టించాను.

మునుపు ప్రతి సర్వరూ తన లెక్కలను తన కడుపులోనే దాచుకునేది. అది పడితే లెక్కలూ దానితోపాటు పడేవి. ఇప్పుడు డిస్కులన్నీ ఒకే స్టోరేజి పెట్టెలో, మూడు సర్వర్లకూ ఉమ్మడిగా. కాటా, బేళ్ళ నిల్వ, ఖాతాలు ఒక్కొక్కటి ఒక్కొక్క వర్చువల్ మెషీన్. అంటే విడిగా ఇనుప యంత్రం ఉండదు, సర్వర్ లోపల నడిచే యంత్రం. దాని సరుకంతా ఉమ్మడి పెట్టెలో ఉంటుంది కనుక ఒక సర్వర్ పడితే పక్క సర్వర్ దాన్ని ఎత్తుకుని నడిపిస్తుంది. పెట్టెకు రెండు కరెంటు తీగలు. ప్రతి సర్వర్ నుంచి పెట్టెకు రెండు దారులు. వాటిలో ఏ ఒక్కటి తెగినా పని ఆగదు.

ఇదంతా చెబితే యజమాని తల ఊపాడు కానీ నమ్మలేదు. "అన్నీ తీసకపోయి ఒకే పెట్టెలో పెడితే ఎట్లప్పా?" అన్నాడు. ఆయన పక్కన మేస్త్రీ నిలబడి ఉన్నాడు. దాదా చివరి రోజుల్లో కూలీగా చేరినవాడు. ఆ కాలపు మనుషుల్లో మిల్లులో మిగిలింది ఆయనొక్కడే.

నేను మేస్త్రీ వైపు తిరిగాను. "దాదా కాలంలో జిన్నుకొక మోటారు ఉండెనా?"

"యాడిది సాబ్! షెడ్డులో ఒకటే ఆయిలింజను. నేల కింద షాఫ్టు. దాని మీద నుంచి జిన్నుకొక బెల్టు."

"జిన్ను సెడిపోతే?"

"దాని బెల్టు తీస్తాంటిరి. తక్కినవి ఆడతానే ఉండె."

"ఇదీ అంతే. ఈ పెట్టె ఇంజను. సర్వర్లు జిన్నులు."

యజమాని మొహం విప్పారింది. ఆయన పత్తి మనిషి. ఇంజను అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. "మరి ఇంజనే ఆగిపోతే?" అన్నాడు.

"ఆగకూడదనే అన్నీ రెండేసి పెట్టినా."

ఆయన ముందే పరీక్ష పెట్టాను. కాటా మీద పత్తి లారీ ఉండగా ఒక తీగ పీకాను. తెర మీద అంకె కదలలేదు. ఒక సర్వర్‌ను ఆపాను. తెర కొంచెంసేపు నల్లబడి మళ్ళీ వచ్చింది. యజమాని నా వీపు తట్టబోయి, నేను నిలబడిన తీరు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎమ్మిగనూరులోని వాళ్ళ పత్తి యార్డులో ఇంకో చిన్న పెట్టె పెట్టించాను. ఆదోనిలోని లెక్కలన్నిటికీ రోజూ అక్కడ ఒక నకలు చేరుతుంది. "ఇంజనుకు మళ్ళా ఇంజనా?" అని ఆయన గొణిగాడు కానీ కాదనలేదు.

ఆరోజు నుంచి మిల్లులో అందరూ ఆ పెట్టెను ఇంజను అనే పిలిచారు. నాకు లోపల సంతోషంగానే ఉండింది.

ఆయుధపూజ నాడు నేను ఎమ్మిగనూరు యార్డులో చిన్న పెట్టె చూసుకుంటున్నాను. ఫోను మోగింది.

"భాయ్, యాడుండావు? నీ ఇంజను సచ్చిపాయ."

"సచ్చిందా, సంపినారా?"

"మేస్త్రీ పూజ సేసినాడు" అన్నాడు.

నెట్టు మీద ఆ నకలంతా ఆదోనికి లాగాలంటే పండుగ దాటిపోతుంది. చిన్న పెట్టెను విప్పి, దుప్పటిలో చుట్టి ఆదోని బస్సెక్కాను. బస్సు ముందర అరటి పిలకలు, నిమ్మకాయల దండ, అద్దం మీద పసుపు కుంకుమ. పెట్టెను పైన పెట్టమన్నాడు కండక్టరు. నేను ఒళ్ళోనే పెట్టుకున్నాను.

"ఏముంది సాబ్ అంత బద్రంగా?"

"మిల్లు."

"అబ్బా! మిల్లును ఒళ్ళో పెట్టుకోని పోతాండావా! దానికీ టికెట్టు కొట్టల్ల అయితే" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ మాట దారి పొడుగునా నాతోనే వచ్చింది.

గదిలోకి పోయి చూస్తే పెట్టె నుదుట కుంకుమ బొట్టు, మెడలో బంతిపూల దండ, ముందర పగిలిన గుమ్మడికాయ. రెండు కరెంటు తీగలూ పీకి, శుభ్రంగా చుట్టి పక్కన పెట్టి ఉన్నాయి. సర్వర్లు మాత్రం మూడూ నడుస్తూనే ఉన్నాయి. లెక్కల కోసం అడుగుతున్నాయి, జవాబిచ్చేది లేదు.

"ముందు ఇంజను ఆపల్ల, దండ వెయ్యల్ల, ఆపైన జిన్నులు" అన్నాడు మేస్త్రీ. "మీ దాదా కాలం నుంచి అదే కదా సాబ్. కానీ ఇది శానా మొండిది. ఒకటి పీకితే ఆగలే. రెండోదీ పీకినా."

యజమానికి అంత ఓపిక లేదు. "నేను ముందే సెప్పినా, అన్నీ ఒక పెట్టెలో వద్దని. పండగ దాటినాక దేవనకొండ బండ్లు వస్తాయి. దీన్ని తీసి పారేసి మునుపటి మాదిరే పెట్టు. నీతో కాదంటే కర్నూలు నుంచి పిలుసుకుంటా."

"మొదటి బండి కాటా ఎక్కకపోతే దీన్ని నేనే మోసకపోతాను" అన్నాను. "మళ్ళా ఈ గేట్లోకి రాను."

దండ తీయలేదు. గాలి పోయే దారికి అడ్డం లేకుండా పక్కకు జరిపాను. సర్వర్లన్నీ ఆపాను. ముందు పెట్టెకు కరెంటు ఇచ్చి, డిస్కుల దీపాలన్నీ పచ్చబడేదాకా నిలబడ్డాను. తరువాత ఒక్కొక్క సర్వర్. ఖాతాల మెషీన్ లేచింది. బేళ్ళ నిల్వ లేచింది. కాటా మెషీన్ లేవలేదు. రాస్తూ రాస్తూ ఉండగా చేతి కింది కాగితం లాగేసినట్టు దాని లెక్కలు చెదిరిపోయాయి. ఎమ్మిగనూరు పెట్టె తగిలించి, దానిలోని నకలును ఎక్కించడం మొదలుపెట్టాను.

అది ఎక్కుతూ ఉంటే చేసేదేమీ లేదు. మేస్త్రీ గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. యజమాని నాకు కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

ఆ పోలిక చెప్పింది నేనే. దాన్ని వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించలేదు. పోలికలో తప్పు లేదు. మరి తప్పు ఎక్కడుంది? ఆ గదిలో నిలబడి అదే ఆలోచించాను. చివరికి మేస్త్రీని అడిగాను.

"దాదా కాలంలో పూజకు ముందురోజు సాయంత్రం నువ్వు యాడుంటాంటివి?"

"ఆ పొద్దు కూలోళ్ళను తొందరగా పంపిస్తాంటిరి సాబ్. తెల్లారి పూజకే వస్తాంటిమి."

నన్ను దాదా ఆ సాయంత్రమే తీసుకుపోయేవాడు. నేల కింద షాఫ్టు గుంత పక్కన నా చెయ్యి పట్టుకుని నిలబడేవాడు. బెల్టులు ఒక్కొక్కటిగా తీసేవాళ్ళు. ఒక బెల్టు పోతే మిల్లు మోతలో ఒక పొర తగ్గేది. ఇంకోటి, ఇంకోటి. కడపటికి ఇంజను ఒక్కటే, దేనినీ లాగకుండా, తన కోసం తాను కొట్టుకుంటున్నట్టు వినిపించేది. తెల్లారి పూజలో అందరూ చూసేది ఆ ఒంటరి ఇంజనును ఆపడం. అప్పటికే జిన్నులన్నీ నిద్రపోయి ఉండేవి. పూజ అయ్యాక దాదా తలమీద టోపీ సర్దుకుని, వాళ్ళు పెట్టిన బొరుగులు చేతిలోకి తీసుకునేవాడు.

ఆ ఇంజను ఇప్పటికీ షెడ్డులో తుప్పుపట్టి ఉంది. ఏటా మొదటి బొట్టు దానికే. పూజ మిగిలింది, ముందునాటి సాయంత్రం మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఇదంతా చెప్పాను. యజమాని అడిగాడు, "అంటే ఇంజను ముందు కాదా?"

"పొద్దున మొదలుపెట్టేటప్పుడు ఇంజను ముందు. ఆపేటప్పుడు కడపట. ఆ కడపటిదాన్నే మీరు మొదటిది అనుకున్యారు."

మధ్యాహ్నం దాటాక కాటా మెషీన్ లేచింది. తెర మీద సున్నా వచ్చింది. మేస్త్రీ పోయి కాటా బల్ల మీద నిలబడ్డాడు. తెర మీది అంకె చూసి యజమాని, "ఇంత బరువుండావా ముసలోడా?" అన్నాడు. పండుగ దాటిన పొద్దున దేవనకొండ నుంచి వచ్చిన మొదటి బండి కాటా ఎక్కి దిగిపోయింది. పెట్టెను మోసుకుపోయే పని పడలేదు.

మరుసటి ఏడు పూజకు ముందునాటి సాయంత్రమే పోయాను. మూడు సర్వర్లనూ వరసగా ఆపాను. గదిలో ఫ్యాన్ల మోత ఒక్కొక్క పొరే తగ్గింది. పెట్టె ఒక్కటే మిగిలింది. తెల్లారి పూజకు యజమాని, కూలీలు, మేస్త్రీ వచ్చారు. గుమ్మడికాయ బయటనే కొట్టారు. మేస్త్రీ బొట్టు పెట్టి, వెనక్కి తిరిగి అందరిలో నన్ను వెతికాడు.

"బెల్టులన్నీ తీసినారా సాబ్?"

"తీసినాం."

"ఇంజను ఆపమంటావా?"

యజమాని కూడా నా వైపే చూస్తున్నాడు. ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మా ఇంటివాళ్ళ పని. చాలా ఏళ్ళ తరువాత మళ్ళీ ఆ పని నాకు వచ్చింది.

"ఆపు" అన్నాను.

కాగితంలో బొరుగులు, బెల్లం తెచ్చి ఇచ్చారు. తిన్నాను. టీ కూడా వచ్చింది. వద్దన్నాను. బొరుగుల సంగతి అమ్మీ ఏమీ చెప్పి ఉండలేదు.