కరీముల్లా గారు కుట్టిన తెల్లకాగితాలు

బెల్లం నీళ్ళలో నానిన కరక్కాయ వాసనకు తడి సున్నం వాసన తోడైతే ఎలా ఉంటుందో మొన్న రేపల్లెలో మా పాత లైబ్రరీ వరండా ఎక్కాకే తెలిసింది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో కాలవల ఆఫీసుగా కట్టిన భవనమది. సిమెంటు పూస్తే ఆ గోడలు నిలవవని, బాగుచేయడానికి చేబ్రోలు నుంచి వచ్చిన మేస్త్రి ఆ కరక్కాయ నీళ్ళు పోసి పాతకాలపు గానుగ సున్నమే కలుపుతున్నాడు. గోడకు ఇంత వైభోగమా అని ముచ్చటపడి లోపలికి తొంగిచూస్తే, చెదలు తిన్న పుస్తకాలన్నీ గోనెసంచుల్లోకి వెళుతున్నాయి. వాటిలో ఒకదాంట్లో నేను పదేళ్ళప్పుడు ఆడిన అబద్ధం ఉంది.

అప్పట్లో వేసవి సెలవుల్లో తాటిముంజల నీళ్ళు గౌను మీద కారి మరకలు పడ్డా లెక్కచేయక, తలుపులు తెరిచేదాకా ఆ వరండా గచ్చు మీద అచ్చనగాయలు ఆడేవాళ్ళం. పెద్దవాళ్ళు ఒకే పేపరును నాలుగు ముక్కలుగా పంచుకునేవారు. పొడుం పీల్చే రిటైర్డు మాస్టారొకరు మాత్రం మధ్యపేజీ ఎవరికీ వదిలేవారు కాదు. లైబ్రేరియన్ కరీముల్లా గారు పిల్లలందరికీ మామయ్యగారే. రంజాన్ మర్నాడు ఆయన క్యారియర్లో తెచ్చే సేమియాలోని ఖర్జూరం ముక్కల కోసం వారం ముందు నుంచీ బుద్ధిమంతులమై కూర్చునేవాళ్ళం.

ఆయనకో పద్ధతి ఉండేది. చెదలు తిన్న పేజీల చోట తెల్లకాగితాలు పెట్టి దబ్బనంతో కుట్టి, ఆ పుస్తకం అంతకుముందే చదివినవాళ్ళెవరైనా దొరికితే కలమిచ్చి కూర్చోబెట్టి, పోయిన కథను గుర్తున్నంతవరకు రాయించేవారు. మా ఊళ్ళో సగం నవలల ముగింపులు టైలర్లూ టీచరమ్మలూ రాసినవే.

ఒక వేసవిలో పేరున్న పేజీ కూడా పోయిన నీలం అట్ట నవల ఒకటి నా చేతికొచ్చింది. అందులో ఒక పిల్ల తల్లి మీద అలిగి పడవెక్కి ఏరు దాటి వెళ్ళిపోతుంది, తల్లి రోజూ రేవుకొచ్చి నిలబడుతుంది. సరిగ్గా అక్కడే తెల్లకాగితాలు మొదలయ్యాయి. మాకూ పెనుమూడి దగ్గర కృష్ణ మీద వంతెన లేని రోజులవి, పడవ దాటడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ పిల్ల ఏమైందో తెలియక అన్నం సయించలేదు. ఎవరినడిగినా చదవలేదన్నారు. మామయ్యగారు మాత్రం, చదివినవాళ్ళు దొరికితే చూద్దాంలే అని మాట దాటేశారు. చివరికి ఉండబట్టలేక, తెనాలిలో మా పిన్నివాళ్ళింట్లో ఆ నవల చదివానని మామయ్యగారితో చెప్పేశాను. ఆయన కళ్ళజోడు మీదుగా చూశారు.

"బాగా గుర్తుందా అమ్మాయ్?"

"ఉందండి."

కలమిచ్చారు. ఆ పిల్లను ఒక సాయంత్రం పడవ దింపి, తల్లి ఒళ్ళో పడేసి, ఇద్దరిచేతా వేడివేడి మినపరొట్టె తినిపించి, సమాప్తం అని రాశాను. ఆ తర్వాత ఎవరైనా అది చదివి కళ్ళు తుడుచుకుంటుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ పుస్తకం మళ్ళీ తెరవనే లేదు. నిజం చెబుదాం చెబుదాం అనుకుంటుండగానే నేను పెద్దదాన్నయ్యాను, ఆయన పోయారు.

ఇప్పటి లైబ్రేరియన్ చిన్నమ్మాయి. నీలం అట్ట పుస్తకం కావాలంటే, చిరిగినవి కొత్త బీరువాల్లో పెట్టవద్దన్నారని చెప్పింది. ఎందుకో దాచకుండా చెప్పాను. దాంతో ఆ అమ్మాయికీ ఆత్రం పుట్టింది. చున్నీ నడుముకు బిగించి సంచులు గుమ్మరించింది. మూడో సంచి అడుగున నీలం అట్ట కనిపించింది.

గుండ్రటి నా అక్షరాలు అలాగే ఉన్నాయి. సమాప్తం కింద ఆకుపచ్చ సిరాతో కరీముల్లా గారి దస్తూరి: "ఈ నవల నేను చదివాను. అసలు కథలో పిల్ల తిరిగి రాదు. ఈ అమ్మాయి రప్పించింది. ఉండనివ్వండి."

ఆ మాటలు మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. రేవులో పడవలు లేవు, మధ్యపేజీ వదలని మాస్టారు లేరు, దబ్బనంతో పుస్తకం కుట్టే చేయీ లేదు. ఇప్పుడు ఎవరికైనా ముగింపు కావాలంటే ఫోన్లో చూసుకుంటారు.

పుస్తకం నా సంచిలో పెట్టుకోబోతుంటే ఆ అమ్మాయి చెయ్యి చాపి తీసుకుని, తన బల్ల సొరుగులో పెట్టుకుంది.

"ఉండనివ్వమన్నారు కదండీ," అంది.