అడగకుండా పెట్టిన సిలువ గుర్తు

కళ్ళిచ్చి, ఆ కళ్ళకు చూడడం నేర్పడానికి మనుషుల్ని కూడా పంపే దేవునికి స్తోత్రం. నేను అడగని మేలులెన్నో చేసి, అడిగినవాటిలో కొన్నిటిని నా మంచికే ఆపిన ఆయన నామానికి మహిమ కలుగును గాక. ఈ నాలుగు మాటలు రాయడానికి ధైర్యం వచ్చిందంటే అదీ ఆయన కృపే.

ఈ వారం సింగపూర్‌లో, టాంపినీస్‌లో మా ఫ్లాట్ల బ్లాకుకు కొత్త రంగు వేస్తున్నారు. తాళ్ళకు వేలాడే తొట్టిలో నిలబడి పనివాళ్ళు గోడ మీది పాత రంగును గీకుతుంటే, ఆ గరగర చప్పుడు వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తోంది. మా అమ్మాయి చెవులు మూసుకుని "సో నాయిసీ లా, డాడీ" అని ఇక్కడి యాసలో విసుక్కుని గదిలోకి పోయింది. నాకు మాత్రం ఆ చప్పుడు వింటుంటే కాలు ఒకచోట నిలవడం లేదు. టీ కలుపుకుని తాగడం మరిచిపోయాను. కుర్చీలో కూర్చుంటాను, లేస్తాను, మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్తాను. కారిన్ ఆంటీ ఇంట్లో మొదటిరోజు నేను విన్నది ఆ చప్పుడే.

ఆమె స్వీడన్ దేశస్థురాలు, చిత్రకారిణి. ఓడల ఇంజనీరైన భర్త వెంట సింగపూర్ వచ్చి, ఆయన పోయాక కూడా వెనక్కి వెళ్ళకుండా హౌగాంగ్‌లో ఒక అద్దె ఫ్లాట్‌లో ఉండిపోయింది. నేను అప్పట్లో బుకిట్ బటోక్‌లో టాన్ అంకుల్ అనే పెద్దాయన ఫ్రేముల షాపులో పనిచేసేవాణ్ణి. చెక్కతో చట్రం కట్టి, దాని మీద కాన్వాస్ గుడ్డ బిగించి, తెల్లటి పూత వేసి చిత్రకారులకు ఇవ్వడం నా పని. మొదటిసారి ఆమె ఇంటికి చట్రం మోసుకెళ్ళినప్పుడు తలుపు తెరిచే ఉంది. పొడుగ్గా, సన్నగా ఉన్న ఒక తెల్లావిడ చెప్పుల్లేకుండా నిలబడి, గోడంత బొమ్మ మీది రంగును వెడల్పాటి కత్తితో గీకేస్తోంది. ఆ బొమ్మలో మనిషి లేడు, చెట్టు లేదు, ఒకదాన్నొకటి ఒరుసుకునే పెద్ద పెద్ద రంగు పలకలు మాత్రమే. నా కంటికి అది బాగానే ఉంది. ఎందుకు చెరిపేస్తున్నారని అడిగాను. ఆమె వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"చూసినవాళ్ళంతా బాగుంది అనేలా తయారైంది. అందుకు."

(ఆమె మాట్లాడింది ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నట్టుగా తెలుగులో రాస్తున్నాను.)

ఆమె ఒకచోట కూర్చోవడం నేను చాలా అరుదుగా చూశాను. అన్నం కూడా నిలబడే తినేది. వెళ్ళిన ప్రతిసారీ మంచం ఒక గోడ నుంచి ఇంకో గోడకు మారి ఉండేది. వాళ్ళ దేశంలో చలికాలం మధ్యాహ్నానికే చీకటి పడిపోతుందట, పని ఆపడానికి అది మంచి సాకట. "ఇక్కడ ఏడాది పొడుగునా ఒకటే వెలుగు. సాకు చెప్పడానికి వీల్లేదు. అందుకే ఉండిపోయాను" అనేది. గీకి గీకి గుడ్డ పాడైపోతే, దాన్ని పీకి కొత్తది బిగించమని షాపుకు ఫోన్ చేసేది. టాన్ అంకుల్ రిసీవర్ పెట్టేసి నా వైపు చూసి, "ఆ ఆంటీ బొమ్మలు వెయ్యదు లా, నీ చేత ఎక్సర్‌సైజ్ చేయిస్తుంది" అనేవాడు.

నాకు చూడడం నేర్పింది ఆమే. కొత్త గుడ్డ ఇచ్చి బయల్దేరబోతుంటే ఆపి, సగం వేసిన బొమ్మ ముందు నిలబెట్టేది. అర్థమైందా అని ఒక్కసారి కూడా అడగలేదు. నీ కన్ను ఎక్కడ ఆగిపోతోంది అని మాత్రం అడిగేది. నేను బెరుకుగా ఒక మూలనున్న ఆకుపచ్చను చూపించాను. మరుసటి వారం వెళ్ళేసరికి ఆ ఆకుపచ్చ లేదు. తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి కొడుకుని, పాలకొల్లు దగ్గర పల్లెలో పెరిగినవాణ్ణి, నా మాట మీద ఒక రంగు తీసేశారంటే నాకు భయమేసింది. ఆ రోజు నుంచి చట్రం మూలలు కలిపేటప్పుడు కూడా ఎక్కువసేపు చూడడం మొదలుపెట్టాను.

ఒకసారి ఉండబట్టలేక, దేవుడు తాను చేసినదాన్ని చూసి మంచిదనుకుని ఏడో రోజు విశ్రమించాడు కదా, మీరూ ఎక్కడో ఒకచోట ఆగాలి కదా అన్నాను. ఆమె నవ్వి, ఆ తర్వాత జరిగింది చూశాక ఆయనకు విశ్రాంతి ఎక్కడిది అంది. నాకు కోపం వచ్చింది. ఇంటికి పోతూ బస్సులో దారి పొడుగునా జవాబులు వెతుక్కున్నాను. ఆమె ఒక పాస్టరుగారి కూతురని, వాక్యం నాకంటే బాగా ఎరిగినదని అప్పటికి నాకు తెలియదు. చర్చికి వెళ్ళడం పదహారో ఏట మానేసిందని మాత్రం చెప్పింది. ఆమె ఆత్మ గురించిన దిగులు నన్ను పట్టుకుంది. టాంపినీస్‌లో ఆదివారం కూడుకునే మా తెలుగు సంఘంలో ఆమె పేరు చెప్పి ప్రార్థన చేయించాను.

అలా ఆరేళ్ళు గడిచాక ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. నరాల జబ్బు, తగ్గేది కాదు అన్నారు డాక్టర్లు. సరిగ్గా అప్పుడే ఒక గ్యాలరీవాళ్ళు ఆమె బొమ్మలన్నీ కలిపి ప్రదర్శన పెడతామన్నారు. దానికి కొత్తగా ఒక పెద్ద బొమ్మ వెయ్యాలని ఆమె పట్టుదల. షాపుకు స్వయంగా వచ్చి కొలతలు ఇచ్చింది. "ప్రసాద్, జాగ్రత్తగా బిగించు. ఈ చేతిలో ఇంకొక్క బొమ్మ ఉంది. రెండు లేవు" అంది.

నేను చేసిన పని ఇది. మా సంఘంలో రోగుల నుదుటికి నూనె రాసి ప్రార్థిస్తాం. ఊళ్ళో ఉపవాస కూడికల్లో ప్రార్థించి ఇచ్చిన ఆలివ్ నూనె సీసా మా అక్క పంపితే నా సంచిలో ఉండేది. ఆంటీ నుదురు నాకు ఇవ్వదు. కాబట్టి ఆమె చెయ్యి రోజూ ఏ గుడ్డ మీద కదులుతుందో ఆ గుడ్డకే రాద్దామనుకున్నాను. భోజనాల వేళ, షాపులో ఎవరూ లేనప్పుడు, బిగించిన గుడ్డ నడిమధ్యన వెనకవైపు బొటనవేలితో సిలువ గుర్తు పెట్టి, కన్నీళ్ళతో ప్రార్థించాను. మర్నాడు ముందువైపు తెల్ల పూత వేశాను. నూనె తగిలిన గుడ్డ మీద పూత పట్టదని నాకు తెలియదా? పన్నెండేళ్ళుగా ఆ పనిలో ఉన్నవాణ్ణి. ప్రార్థించిన నూనె కదా అనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఆమె పిలిచింది. బొమ్మ మూడొంతులు అయిపోయింది. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని వేసిన బొమ్మ అది. నడిమధ్యన రంగు పొక్కులు పొక్కులుగా లేచి, పెచ్చులుగా రాలుతోంది. రాలినచోట పసుప్పచ్చటి మరక. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత. ఆమె దాన్ని చూడడం లేదు. నా ముఖం చూస్తోంది.

గుడ్డలో లోపమని చెబితే టాన్ అంకుల్ సరుకు అమ్మినవాణ్ణి తిట్టి ఊరుకునేవాడు. నోటి దాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నూనె సంగతంతా చెప్పేశాను. మీరు బాగుపడాలనే చేశాను ఆంటీ, దేవుణ్ణి బతిమాలుకున్నాను అన్నాను.

ఆమె రాలిన పెచ్చొకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఆయన్ని అడిగావు. నన్ను అడగలేదు."

తర్వాత, గోడను చూస్తూ చెప్పింది. "మా నాన్న రోజూ నా కోసం ప్రార్థించేవాడు, గట్టిగా. మా ఇంట్లో గదుల మధ్య ఉన్నది పల్చటి చెక్క పలకల గోడ. నా తప్పులన్నీ ఇవతలికి వినిపించేవి. ఆయన కూడా ఒక్కసారీ నన్ను అడగలేదు."

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఫోన్ లేదు. నాకు పని సాగలేదు. కొలత తప్పి రెండు చట్రాలు చెడగొట్టాను. ఆదివారం ఆరాధనలో నోరు పాడుతూనే ఉంది, మనసు హౌగాంగ్‌లో ఉంది. పదో రోజు, గుడ్డా సామానూ తీసుకుని ఇంటికే రమ్మంది. పాతదాన్ని ఆమె కళ్ళెదుటే పీకి, కొత్తది ఆమె కళ్ళెదుటే బిగించి, తెల్ల పూత వేసి ఆరబెట్టాను. అయ్యాక, "మామూలుగా అయితే ఇప్పుడు ఏం చేస్తావు?" అని అడిగింది. ప్రార్థన చేస్తానన్నాను.

"అయితే అడుగు."

"దేవుణ్ణా?"

"నన్ను."

చేతులు కట్టుకుని, ఈ గుడ్డ మీద చెయ్యి పెట్టి ప్రార్థించవచ్చా ఆంటీ అని అడిగాను.

"వద్దు" అంది.

అంతే. నా జీవితంలో ప్రార్థించకుండా నిలబడి ఉండడానికి అంత కష్టపడిన గడియ ఇంకొకటి లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె అప్పటికే బ్రష్షు కోసం వెతుక్కుంటోంది.

ఆ బొమ్మ పూర్తి కాలేదు. ఎడమవైపు మూడో వంతు తెల్లగానే మిగిలింది, నేను వేసిన తెల్ల పూత. ప్రదర్శనలో అలాగే వేలాడదీశారు. చక్రాల కుర్చీలో వచ్చి దాని ముందు ఆగి, నీ కన్ను ఎక్కడ ఆగిపోతోంది అని నన్ను అడిగింది. ఎక్కడా ఆగడం లేదు ఆంటీ అన్నాను. "నాదీ అంతే" అని, కుర్చీ ముందుకు తొయ్యమంది.

తర్వాతి ఏడాది ఆసుపత్రిలో, ఒక పొద్దుటిపూట, ప్రార్థించవచ్చా అని ఆమెను మళ్ళీ అడిగాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. వినలేదేమో అనుకుంటుండగా పెదాలు కదిలాయి.

"నీ భాషలో. నాకు అర్థం కాకుండా."

చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన ప్రార్థనలు ఎన్నో ఉన్నాయి నాకు. ఒక్కటీ రాలేదు. ప్రభువా, ఈమె పేరు కారిన్, చాలా అలసిపోయింది అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియక ఆమేన్ అన్నాను. ఆమేన్ ఆమెకు తెలిసిన మాటే కదా. కళ్ళు తెరిచి ఒకసారి చూసింది. అయిదో రోజున వెళ్ళిపోయింది.

మా సంఘపెద్ద దేవదానం గారు ఆదివారం నన్ను పక్కకు పిలిచి, "ప్రసాదూ, ఆవిడ రక్షణ పొందినట్టేనా? సాక్ష్యం చెబుతావా మరి?" అని అడిగారు. నాకు తెలియదండీ అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. ఇప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడం నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. ఒక్కోసారి తెల్లవారి ప్రార్థనలో దేవుణ్ణే అడుగుతాను, జవాబు వచ్చిందని అబద్ధం చెప్పలేను. కానీ ఆ రోజు నుంచీ ఎవరి తల మీదా అడగకుండా చెయ్యి పెట్టలేదు. షిప్‌యార్డులో దెబ్బలు తగిలి ఆసుపత్రిలో ఉన్న మన ఊళ్ళవాళ్ళను చూడబోతే ముందు అడుగుతాను. కొందరు వద్దంటారు. అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని, వాళ్ళు మాట్లాడితే వింటాను, లేకపోతే వాళ్ళ ముఖం చూస్తూ ఉంటాను. అది ఇప్పటికీ నాకు తేలిక కాలేదు.

చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. మీకు ఇష్టమేనా? అయితే నాతో కలిసి ఇలా అనండి: ప్రభువా, ఇల్లు విడిచి దూరదేశంలో పని ముగించలేక వెళ్ళిపోయినవాళ్ళను నీ దగ్గర కూర్చోబెట్టుకో. వాళ్ళ కోసం మేము పడిన తొందరను క్షమించు. ఆమేన్.

ఇష్టం లేకపోతే ఫరవాలేదు. కాసేపు నా పక్కన ఊరికే కూర్చోండి.