మూడో సర్వీసు తప్పించినదెవరు

నా నోటుపుస్తకంలో జమాఖర్చులు ఉండవు. ఏ రోజు ఏ యంత్రం ఆగింది, ఎవరు విప్పారు, విప్పినవాడు ఏమన్నాడు, ఇవే ఉంటాయి. సూరత్‌లోని ఉధ్నాలో ముప్పై ఏళ్లకు పైగా మరమగ్గాలు బాగుచేసిన వాడిని. రాసిపెట్టని మాట మరుసటి షిఫ్టుకల్లా మారిపోతుందని ఆ పనే నాకు నేర్పింది. పని మానుకున్నాక పుస్తకంలోకి మగ్గాలకు బదులు మోటారు సైకిళ్లు వచ్చాయి. డిండోలిలో మా వీధిలోని చుట్టాల బండ్లన్నిటికీ అందులో తలా ఒక పేజీ ఉంది.

మా చెల్లెలి కొడుకు బండి పేజీ గురించి ఇక్కడ రాస్తున్నాను. అతడు నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. వ్యాపారం చచ్చుబడితే సూరత్‌లో దాన్ని 'మందీ' అంటారు. ఆ మందీలో అతడు పనిచేసే షెడ్డు ముందు రాత్రి షిఫ్టు ఎత్తేసింది, తర్వాత వారానికి నాలుగు రోజులే మగ్గాలు తిప్పింది. అతడు ఊరుకోలేదు. బార్డోలీ దారిలో ఇంకో షెడ్డులో పని వెతుక్కున్నాడు. అక్కడికి బస్సులున్నాయి గాని ఉదయం ఏడింటి షిఫ్టుకు అందే బస్సు లేదు. బండి ఉంటేనే ఆ పని.

ఒక మంగళవారం ఉదయం ఆ బండి దారిలోనే ఆగింది. ఇంజన్ పట్టేసింది, కిక్ కొడితే కదలలేదు. కొని ఏడాది కూడా నిండలేదు. కొత్త షెడ్డు సేటు ఫోనులో ఒకే మాట చెప్పాడట: సోమవారం దాకా చూస్తాను, తర్వాత ఇంకో మనిషిని పెట్టుకుంటాను.

బుధవారం ఇద్దరం ఉధ్నాలో బండి కొన్న షోరూముకు వెళ్లాం. బండిని ముందురోజే టెంపోలో అక్కడికి చేర్చాం. సగం లైట్లు ఆర్పేశారు. వరుసగా నిలబెట్టిన కొత్త బండ్ల సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు, కవర్ల మీద దుమ్ము. ఒకప్పుడు ఆరుగురు అమ్మకందార్లున్న చోట మేనేజరు ఒక్కడే ఉన్నాడు. మేము వెళ్లేసరికి అతడే నేల తుడుస్తున్నాడు. వెనక వర్క్‌షాపులో మెకానిక్ ఒక్కడే మిగిలాడు.

మేనేజరు చీపురు పక్కనబెట్టి కాగితాలు చూశాడు. "వారంటీ రాదు కాకా. మూడో ఫ్రీ సర్వీసు మూడు వారాలు ఆలస్యం. కంపెనీ నియమం." అతడు మాట్లాడింది గుజరాతీ కలిసిన హిందీ. నేనూ అందులోనే జవాబిచ్చాను.

"ఆలస్యం చేసింది ఎవరు? దీపావళి సెలవుల తర్వాత మీ వర్క్‌షాపు తెరిచారా?"

"మందీ కదా కాకా. కొన్నాళ్లు మూశాం."

నేను పుస్తకం తెరిచాను. సర్వీసు గడువులోపల మూడుసార్లు వచ్చాం. మూడుసార్లూ షట్టరు దించి ఉంది. ఏ తేదీ, ఎన్ని గంటలకు, మీటరు మీద ఎన్ని కిలోమీటర్లు, షట్టరుకు అంటించిన కాగితం మీద ఏముంది, అన్నీ వరుసగా చదివి హిందీలో చెప్పాను. మేనేజరు అంతా విన్నాడు. తర్వాత పేజీలో పైన ఉన్న ఒక చిన్న పద్దు మీద వేలు పెట్టాడు.

"ఇదేంటి?"

మేనల్లుడు మోచేత్తో నన్ను పొడిచాడు. "మామా, గది చదువకు. వానికి తెలుగు ఏమొస్తది?"

"రాసింది దాస్తే ఇగ రాసుడెందుకురా?" అని, ఉన్నది ఉన్నట్టు హిందీలో చదివి చెప్పాను: "విజయదశమి. బండికి పూజ. మగ్గం నూనె."

మా నేతవాళ్ల ఆచారమది. దసరానాడు మగ్గాలు ఆపి, కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, మగ్గానికి వేసే నూనె ఒక చుక్క ప్రతి పనిముట్టుకూ అద్దుతాం. కత్తెరకూ అద్దుతాం, తక్కెడకూ అద్దుతాం. బండి వచ్చాక బండికీ అద్దుతున్నాం.

మేనేజరు ముఖం వెలిగింది. "మగ్గం నూనె! నీళ్లలా పలచగా ఉంటుంది. అది పోస్తే ఏ ఇంజన్ బతుకుతుంది? మీ పుస్తకమే చెప్పింది కాకా. ఇక నేను చెప్పేదేముంది?"

నాకు ఒళ్లు మండింది. సగం అతడి మీద, సగం నా మీద. షట్టరు మీది కాగితాన్ని అక్షరం పోకుండా ఎక్కించిన నేను, ఆ నూనె ఎక్కడ పెట్టామో, ఎంత పెట్టామో రాయలేదు. పూజే కదా, ఎవరడుగుతారు అనుకున్నాను. ఇన్నేళ్లలో అలాంటి పద్దు రాయడం నాకదే మొదలు.

అతడి ముందే మేనల్లుణ్ని అడిగాను. "నిజం చెప్పు. ఇంజన్ల పోసినవా?"

"నీ మీద ఒట్టు మామా! హ్యాండిల్‌కు నూనె బొట్టు పెట్టిన, గంతే. ఇంజన్ల పోసేటందుకు నేనేమన్న పిచ్చోన్నా?"

"అయితే విప్పి చూడండి. లోపల ఏ నూనె ఉందో కళ్లకే తెలుస్తుంది," అన్నాను మేనేజరుతో.

"మా షోరూము సేటు అనుమతి కావాలి. సేటు ఊళ్లో లేడు."

"వచ్చేదాకా కూర్చుంటాను."

కూర్చున్నాను. బుధవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం దాకా, తెరిచే వేళకు వచ్చి మూసే వేళకు లేచాను. ద్వారం పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆ రెండు రోజుల్లో లోపలికి ఎవరు వచ్చారో కూడా రాశాను. బుకింగ్ రద్దు చేసుకోవడానికి చీరలకు రంగులద్దే కార్మికుడొకడు. కొత్త బండ్ల ధరలు అడిగి, పాత బండి ఏమైనా ఉందా అని అడిగి వెళ్లిన దంపతులు. నాలాగే షట్టరు చూసి తిరిగిపోయి, ఇప్పుడు సర్వీసు ఆలస్యమైందని మాట పడినవాళ్లు ఇద్దరు. వాళ్ల చేత పుస్తకంలో సంతకాలు చేయించాను. మేనేజరు అది చూసి, "కాకా, మీకు ఇంట్లో పనేమీ లేదా?" అన్నాడు. "మీకు ఇక్కడేమైనా ఉందా?" అన్నాను. అన్నాక అతడు చీపురు వైపు చూశాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. తర్వాత అతడే నాకు టీ తెప్పించాడు. జీతం సగమే అందుతోందని చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం సేటు వచ్చాడు. నన్ను చూసి చేతులు జోడించాడు. "కాకా, మీరిలా ద్వారం దగ్గర కూర్చుంటే గిరాకీ లోపలికి రాదు."

"నేను కూర్చోకముందు వచ్చిందా సేటూ?"

అతడు నవ్వబోయి ఆగిపోయాడు. కుర్చీ లాక్కుని నా ఎదుట కూర్చున్నాడు. బండ్లు కదలడం లేదని, వారంటీ పని చేస్తే కంపెనీ దగ్గరనుంచి తిరిగి రావడానికి నెలలు పడుతుందని, ఆలోగా మెకానిక్‌కు తన జేబులోంచే ఇవ్వాలని చెప్పాడు. అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు.

"మందీ మీకూ ఉంది, మాకూ ఉంది. కాదనను," అన్నాను. "కాని మీరు షట్టరు దించుకుంటే తప్పిన సర్వీసు మా తప్పు ఎలా అవుతుంది? వీడు సోమవారం ఏడింటికి మగ్గం ముందు లేకపోతే పని పోతుంది. విప్పండి. లోపల మగ్గం నూనె ఉంటే ఈ పుస్తకం మీ ఎదుటే చింపేసి వెళ్తాను."

పక్కనే నిలబడ్డ మేనల్లుడు గొణిగాడు. "గంత మాట అనకు మామా."

సేటు మెకానిక్‌ను పిలిచాడు. నలుగురం వర్క్‌షాపులో చుట్టూ నిలబడ్డాం. బోల్టు విప్పగానే కింద పెట్టిన రేకు పళ్లెంలోకి నూనె కారింది. చిక్కగా, నల్లగా ఉంది. మెకానిక్ వేలికి రాసుకుని వాసన చూసి, "ఇంజన్ ఆయిలే," అన్నాడు. మేనల్లుడి ఊపిరి నాకు వినిపించింది. నాది కూడా అతడికి వినిపించి ఉంటుంది. ఇంకా లోపలికి విప్పితే ఆయిల్ పంపు పళ్లచక్రం చేతికొచ్చింది. రెండు పళ్లు విరిగి ఉన్నాయి. నూనె పైకి ఎక్కక పిస్టన్ గీసుకుపోయింది.

"ఇది తయారీ లోపం సేటూ. ఇందులో వీళ్ల తప్పు లేదు," అన్నాడు మెకానిక్.

కొత్త భాగాలు తెప్పించాలంటే వారం. మాకున్నది రెండు రోజులు. సేటు షోరూములో వరుస చివర దుమ్ము పట్టిన బండి వైపు చెయ్యి చూపించాడు. "దాన్నుంచి తీసి వేయి. కంపెనీ పంపినవి దానికి వేద్దాం. అది ఎలాగూ నిలబడే ఉంది."

ఆ మాట అతడు తేలిగ్గా అనలేదు. మేనేజరు తల వంచుకుని ప్లాస్టిక్ కవరు విప్పాడు.

వెళ్లేముందు నేను పుస్తకం చాచాను. ఏ నూనె బయటికి వచ్చిందో, ఏ భాగం విరిగిందో గుజరాతీలో మేనేజరు చేతనే రాయించి, సేటు చేత సంతకం పెట్టించాను. మూడో సర్వీసు వేళకు వర్క్‌షాపు మూసి ఉందన్న వాక్యం కూడా చేర్పించాను. మేనేజరు కలం ఆపితే సేటే "రాయి" అన్నాడు. నా పుస్తకంలో సంతకాలు చేసిన ఆ ఇద్దరి బండ్లకు కూడా తర్వాత ఆ వాక్యమే పనికొచ్చింది.

సోమవారం పద్దు: ఉదయం ఆరుంపావుకు బండి డిండోలి దాటింది.

మరుసటి దసరాకు ఇంట్లో వాళ్లు ఈసారి బండికి నూనె వద్దన్నారు. మేనల్లుడు కూడా, "ఎందుకొచ్చిన లొల్లి మామా?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంటి ముందు కత్తెర, తక్కెడల పక్కన బండిని నిలబెట్టించి, నా వేలితో నేనే అద్దాను. ఆ రోజు పద్దు కాస్త పొడవుగానే ఉంది: "విజయదశమి. బండికి పూజ. మగ్గం నూనె ఒక చుక్క. హ్యాండిల్ మీద, ఎడమ పక్కన. ఇంజన్‌లో కాదు. చూసినవాళ్లు ఐదుగురు." కింద ఐదు సంతకాలున్నాయి.